రంగం వెళ్ళినవారి దీపం

పలాస స్టేషన్‌లో సాయంత్రం కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడితే ఉద్దానం సంగతి సగం తెలిసిపోతుంది. బొంబాయి వైపు పోయే ఆ బండి ఎక్కేవాళ్ళు కొద్దిమంది, సాగనంపడానికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది. ఒక్కొక్క కుర్రవాడి చుట్టూ ఐదారుగురు. సంచిలో పచ్చడి సీసా, జీడిపప్పు పొట్లం, ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్టు. వెల్డింగు నేర్చుకున్నవారు, ఫిట్టర్లు, కట్టడాల్లో ఇనుప పని చేసేవారు. బొంబాయిలో విమానం ఎక్కి అరబ్బు దేశాలకు పోతారు.

కిందటి వేసవిలో నేనూ ఆ గుంపులో ఒకడిని. మా పెద్దమ్మాయి కొడుకు సౌదీ వెళ్తున్నాడు. వాడి సంచిలో బట్టల మడతల మధ్య వాళ్ళమ్మ కొత్త నిబంధన పుస్తకం పెట్టింది. మా పక్కనే వజ్రపుకొత్తూరు వైపు నుండి వచ్చిన ఒక తల్లి నిలబడి ఉంది. ఆమె వేళ్ళ కొసలు నల్లగా ఉన్నాయి. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే చేతులవి. ఆ జిడ్డు మరక ఎంత తోమినా పోదు. ఆమె కొడుకుదీ మావాడిదీ ఒకటే కంపెనీ, ఒకటే బ్యాచి. ఆమె చెంగు ముడి విప్పి, కాగితంలో కట్టిన తమ ఊరి అమ్మవారి కుంకుమ తీసి, కొడుకు తువ్వాలు అంచున మూట గట్టింది.

"ఇది పారీకురా. ఎక్కడ పడుకున్నా తలాపున ఎట్టుకో" అంది.

బండి అరగంట ఆలస్యం. ఆ అరగంటలో ఆమెకూ నాకూ కొంత మాట కలిసింది, అది చివర్లో చెబుతాను. ముందుగా నా మనసులో మెదిలిన సంగతి. ఇల్లు విడిచి వెళ్ళే మనిషితో పాటు అతని భక్తిలో ఏది వెళ్తుంది, ఏది ఊళ్ళోనే ఉండిపోతుంది? ఈ ప్రశ్న మా ప్రాంతానికి కొత్తది కాదు. దాని వయస్సు నూరేళ్ళ పైమాటే.

ఉద్దానం అంటే ఉద్యానవనం అని పెద్దలు చెబుతారు. సోంపేట, కంచిలి, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో సముద్రం వైపు నడుస్తూ పోతే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నీడ తలమీద నుండి తొలగదు. ఇంత పచ్చని చోటు నుండి మనుషులు ఎందుకు వెళ్ళిపోతున్నారని బయటివారు అడుగుతుంటారు. తోట పచ్చగానే ఉంటుంది గాని అది అందరిదీ కాదు. వరి పండే పల్లం తక్కువ, ఇసుక నేల ఎక్కువ. ఏడాది పొడుగునా కూలి దొరకదు. తుపాను వచ్చిందంటే ఏళ్ళ తరబడి పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పడిపోతుంది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతమంతా గంజాం జిల్లాలో ఉండేది. ఆ గంజాం నుండీ, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండీ వేల మంది బర్మాకు కూలికి వెళ్ళారు. రంగూన్ పట్టణాన్ని మావైపు రంగం అనేవారు. ఎవరైనా కనబడకపోతే "రంగం ఎలిపోనాడు" అని చెప్పుకునేవారు. నాలుగు రూపాయలు మిగుల్చుకుని తిరిగొచ్చినవాడు కట్టిన ఇల్లు రంగం మేడ, తెచ్చిన పెట్టె రంగం పెట్టె. 1937 ఏప్రిల్ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రమే గనుక పాస్‌పోర్టు గొడవ కూడా లేదు.

వెళ్ళే విధానం ఇలా ఉండేది. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి బయానా ఇచ్చేవాడు. ఇంటి అప్పుకు కొంత, ఓడ చార్జీకి కొంత. తరువాత ఆ సొమ్మంతా కూలిలో కోసుకునేవాడు. కూలి ఎంతో, కోత ఎంతో, ఆ లెక్క మేస్త్రీ దగ్గరే ఉండేది. చదువు రానివాడు వేలిముద్ర వేసి ఓడ ఎక్కేవాడు. బారువ, కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవుల్లో ఓడ ఒడ్డుకు రాదు. దూరంగా నిలిచిన ఓడ దగ్గరకు పడవల మీద అలలు దాటి వెళ్ళాలి. డెక్కు మీదే వంట, డెక్కు మీదే పడక. రంగూన్‌లో దిగాక రేవులో బియ్యం బస్తాలు మోయడం, ధాన్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, వీధులూడ్వడం. బర్మావారు మనవాళ్ళను కొరంగీలు అన్నారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. అనేవాడి నోటిని బట్టి అది తిట్టు కూడా అయ్యేది.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షల పైచిలుకు. రంగూన్ నగర జనంలో సగానికి మించి మనదేశం వారే. వారిలో తెలుగువారు లక్షన్నరకు పైన. అందులో ఆడవారు బహు తక్కువ. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఇక చెప్పబోయేది దీనిమీదే నడుస్తుంది.

దీపం చాలు

మా ఊళ్ళలో అమ్మవారి సంబరం మూడేళ్ళకో, ఐదేళ్ళకో, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ కాలానికో వస్తుంది. నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి గనుక సంబరంలో నాకు పని లేదు. అయినా చిన్నప్పుడు అరుగు మీద నుండి చూడకుండా ఎవరు ఉండగలరు? కుమ్మరి ఘటం చెయ్యాలి. చాకలి దివిటీ పట్టాలి. డప్పులవాళ్ళు రావాలి, తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు రావాలి. అత్తవారిళ్ళ నుండి ఆడపడుచులు వచ్చి, పసుపు రాసిన ఘటాలు తలకెత్తుకుని ఊరంతా తిరగాలి. ఇంటింటికీ ఏదో ఒక పని ఉంటుంది. ఒక ఇల్లు రాకపోతే ఆ పని ఆగిపోతుంది. అమ్మవారు పొలిమేర దేవత. ఆమె కాపు ఊరి సరిహద్దు దాకానే అని వాళ్ళ నమ్మకం.

అటువంటి పండుగను రంగూన్‌లో ఒక ఇరుకు గదిలో వంతులేసుకుని పడుకునే మగవాళ్ళు ఎలా చేస్తారు? ఘటం మోసే ఆడపడుచు లేదు. ఇంటింటి వంతుకు ఇళ్ళే లేవు. రామ భజనకైతే ఇవేవీ అక్కర్లేదు. ఒక దీపపు సెమ్మె, రెండు జతల తాళాలు, గొంతున్నవాడొకడు, ఆ దీపం చుట్టూ అడుగువేసే పదిమంది ఉంటే చాలు. నీది ఏ ఊరు, ఏ కులం అని దీపం అడగదు. పగలంతా బస్తాలు మోసిన భుజాలు రాత్రి ఆ వెలుగు చుట్టూ తిరిగేవి.

మలయాలో కూడా ఇదే వరస. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ డాతో కొబ్బరి తోటలకు మనవాళ్ళు వెళ్ళారు. తమిళులున్న తోటల్లో మారియమ్మ గుళ్ళు లేస్తే తెలుగువారున్న తోటల్లో రామమందిరాలు లేచాయి. భజన చుట్టూ కూడినవారే తరువాత సంఘంగా ఏర్పడ్డారు. 1955లో పుట్టిన మలేషియా తెలుగు సంఘం ఇప్పటికీ పిల్లలకు తెలుగు తరగతులు నడుపుతోంది.

మారిషస్ సంగతి కొంచెం వేరు. 1834 నుండి అక్కడి చెరకు తోటలకు ఒప్పందం మీద కూలీలను తీసుకుపోయారు. కొంతకాలానికి ప్రతి ఓడలో ఆడవారు ఇంతమంది తప్పక ఉండాలని నిబంధన వచ్చింది. కుటుంబాలు వెళ్ళాయి, కుటుంబాలు ఏర్పడ్డాయి. ఈనాడు అక్కడి తెలుగువారికి రామభజన ఉంది, సింహాద్రి అప్పన్న పూజ ఉంది, వాటితో పాటు అమ్మోరు పండుగ కూడా ఉంది. మాట కూడా మన ఉత్తరాంధ్ర మాటే, అమ్మోరు! ఇంట్లో మాట్లాడే భాష క్రియోలు అయిపోయినా ఆ పిలుపు పోలేదు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం.

దీనిని బట్టి నాకు తోచింది చెబుతాను. ఆడవారు ఓడెక్కిన చోటికి అమ్మవారు కూడా ఓడెక్కింది. మగవారు ఒంటరిగా వెళ్ళిన చోటికి దీపం మాత్రమే వెళ్ళింది. బర్మాలో సైతం కుటుంబాలతో పొలాల్లో స్థిరపడినవారు తరువాత అమ్మవారి గుళ్ళు కట్టుకున్నారు. పండితులు ఇంకేదైనా కారణం చెప్పవచ్చు. ఘటం మోసే తల ఎక్కడుందో చూడమని మాత్రం వారిని కోరతాను.

రంగూన్ వీధుల్లో మనవాళ్ళకు రోజూ కనిపించిన మరో ప్రవాసులు సిక్కులు. సిపాయిలుగా, పోలీసులుగా వచ్చి నిలిచిపోయినవారు. వారి పద్ధతి మనకు భిన్నం. 1708లో గురు గోవింద్ సింగ్ ఇకమీదట గ్రంథమే గురువు అని చెప్పారు గనుక, ఆ గ్రంథాన్ని ప్రతిష్ఠించిన చోటల్లా గురుద్వారా అవుతుంది. గురువును వెనుక విడిచి వెళ్ళవలసిన బాధ సిక్కుకు లేదు. కెనడాలో వాంకూవర్ నగరంలో రంపపు మిల్లుల్లో పనిచేసే సిక్కులు 1908లోనే గురుద్వారా కట్టుకున్నారు. అమెరికాలో స్టాక్టన్ గురుద్వారా 1912 నాటిది. 1914లో 376 మందితో వచ్చిన కోమగాట మారు ఓడను వాంకూవర్ రేవులో రెండు నెలలు నిలబెట్టి వెనక్కి పంపినప్పుడు, వారి పక్షాన చందాలు పోగైనదీ వకీళ్ళను పెట్టినదీ ఆ గురుద్వారా చుట్టూ కూడినవారే. గుడి అంటే పూజకే కాదు, కష్టానికి కూడా అని వారు ముందే కనిపెట్టారు. 1970లలో అమెరికా వెళ్ళిన మన డాక్టర్లు, ఇంజనీర్లు పిట్స్‌బర్గులో వేంకటేశ్వరునికి శిల్పులను పిలిపించి గుడి కట్టించారు. చేతిలో డాలర్లున్నాయి, భార్యాపిల్లలు పక్కనున్నారు. రంగం కూలీకి ఆ రెండూ లేవు.

మన సంఘాల చరిత్రలో కూడా ఈ దారి ఉంది. నోవాస్కోషియా నుండి వచ్చిన హన్నా మరియా నారిస్ 1870లో తన దేశంలో ఊరూరా స్త్రీల మిషనెరీ సంఘాలు స్థాపించి బర్మాకు బయలుదేరింది. డబ్ల్యు. ఎఫ్. ఆర్మ్‌స్ట్రాంగ్ దొరగారిని వివాహమాడి తెలుగు దేశం వచ్చింది. ఆ దంపతులు శ్రీకాకుళంలో పనిచేశారు. 1880లలో తిరిగి బర్మా వెళ్ళి మౌల్మీన్‌లో, రంగూన్‌లో తెలుగువారి మధ్య, తమిళుల మధ్య పరిచర్య చేశారు. శ్రీకాకుళంలో నేర్చిన తెలుగు రంగూన్ కూలీల మధ్య పనికొచ్చిందన్నమాట! మనవాళ్ళు ఓడెక్కిన తీరానికే మిషనెరీలు కూడా వెళ్ళారు.

మామ్మ తాళి

టెక్కలికి సముద్రానికి మధ్య మా ఊరు. మా ఇంటి పక్కన ఒక మామ్మ ఉండేది. ఆమె పేరు చెప్పను. ఆమె భర్త 1939లో మేస్త్రీ బయానా మీద రంగం వెళ్ళాడు. పెళ్ళయి రెండేళ్ళు, పిల్లలు లేరు. రెండుసార్లు మనియార్డరు వచ్చింది.

రంగం అప్పటికే మంచి చోటు కాదు. 1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టగా, యజమానులు బర్మా కూలీలను పెట్టుకుని, రాజీ కుదిరాక వాళ్ళను తీసేశారు. మే 26న మొదలైన కొట్లాటలో వందకు పైగా చనిపోయారు. ఎక్కువమంది తెలుగువారే. ఇద్దరు పేదల పొట్టల మీద మూడోవాడు బేరమాడితే జరిగేది అదే. అయినా మరుసటి ఏడు మళ్ళీ ఓడలు నిండాయి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు గుంపులుగా చనిపోయారు. బ్రతికినవారు కాలినడకన బయలుదేరారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగుకు, కొందరు మణిపురం మీదుగా, కొందరు అస్సాం అడవుల గుండా. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి వెళ్ళింది. నాలుగు లక్షలకు పైగా మనదేశం వారు ఆ దారుల వెంట వచ్చారని చరిత్ర చెబుతుంది; దారిలో కలరాకు, జ్వరానికి, ఆకలికి వేలకు వేలు పడిపోయారు. మా ఊరివాళ్ళు నౌపడ స్టేషన్ దగ్గర రోజూ కాచుకుని కూర్చునేవారట. దిగిన మనిషి ఎముకల గూడై ఉంటే సొంత తల్లి గుర్తుపట్టలేకపోయిందని మా నాయనమ్మ చెప్పేది.

మామ్మ భర్త రాలేదు. చచ్చిపోయాడని కబురూ లేదు.

పదేళ్ళు గడిచాయి. తాళి తీసెయ్యమన్నారు పెద్దలు. వాళ్ళ కులంలో మారుమనువు ఉంది. తీసేస్తే మరో ఇంటికి పంపవచ్చని పుట్టింటివారి ఆలోచన. మామ్మ ఒప్పుకోలేదు. "ఆడు సచ్చిపోనాడని ఎవులు సూసినారు?" అని అడిగేదట. ఆ మాటకు జవాబు ఎవరి దగ్గరా లేదు. సంబరం వచ్చినప్పుడల్లా గొడవ. ముత్తైదువలు మోసే ఘటం ఈమె మొయ్యవచ్చా? జాడ లేని మనిషి పెళ్ళాం ముత్తైదువో కాదో ఎవరు తేలుస్తారు? కొందరు ఆడవాళ్ళు ఆమె పక్కన నడవమన్నారు. అయినా మామ్మ ఘటం ఎత్తుకుంది. ఒకసారి ఆమె వెనుక ఎవరూ నడవలేదు, ఆమె ఒక్కతే చివర్లో నడిచింది. అది నేను అరుగు మీద నుండి చూశాను. అప్పటికి నాకు ఆరేడేళ్ళు.

మా నాయనమ్మా మామ్మా సాయంత్రాలు అరుగు మీద కూర్చునేవారు. ఒకరిది ప్రార్థన, ఒకరిది తులసికోట దీపం, రెండూ అయ్యాక. ఒకరోజు నాయనమ్మ ఆమెకు 137వ కీర్తన సంగతి చెప్పింది. పరాయి దేశానికి చెరపట్టుకుపోయినవారు నది ఒడ్డున కూర్చుని ఏడ్చారనీ, పాట పాడమంటే పాడలేకపోయారనీ. మామ్మ అంతా విని, "మరి ఆళ్ళు తిరిగొచ్చినారా?" అని అడిగింది. నాయనమ్మ చాలాసేపు ఊరుకుని, "కొందరొచ్చారు" అంది. ఆమె వచ్చారని చెప్పి ఊరడించవచ్చు. చెప్పలేదు. ఆ విషయంలో మా నాయనమ్మను నేను ఇప్పటికీ గౌరవిస్తాను.

1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చింది. తరువాత దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. 1964 నుండి మనవాళ్ళు మళ్ళీ ఓడలెక్కారు, ఈసారి ఇటువైపు. కూడబెట్టిన డబ్బూ నగలూ చాలా మట్టుకు అక్కడే వదిలి రావలసి వచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు అప్పటిదే. ఆ వచ్చినవారిలో ఒక పెద్దమనిషి మా పక్క ఊరికి చేరాడు. లుంగీ కట్టు, పిల్లలకు బర్మా భాష తప్ప రాదు. మామ్మ కుంచం బియ్యం ఎత్తుకుని వెళ్ళింది. ఊరి పేరు, ఇంటిపేరు, నుదుటి మీది గాటు, అన్నీ చెప్పింది.

ఆయనకు ఆ మనిషి తెలుసు. 1942లో చావలేదు. నడవలేక మౌల్మీన్ దగ్గర ఒక పల్లెలో ఆగిపోయాడు. ఒక బర్మా స్త్రీని చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. అక్కడి తెలుగువాళ్ళకు భజన దీపం అతనే నడిపేవాడు. ప్రతి శనివారం రాత్రి. 1957లో జ్వరంతో పోయాడు.

మామ్మ ఏడవలేదట. "ఇప్పుడా దీపం ఎవులు ఎలిగిస్తన్నారు?" అని అడిగిందట. "ఆ బర్మావిడే. మాటలు రావు గాని ఒత్తి ఎయ్యడం నేర్చుకుంది" అన్నాడాయన.

ఇంటికొచ్చి మూడోనాడు మామ్మ తాళి తనే తీసి రంగం పెట్టెలో పెట్టింది. ఎవరినీ పిలవలేదు. తరువాతి సంబరానికి ఘటం ఎత్తలేదు. మా అరుగు మీదకు వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుని ఊరేగింపు చూసింది. ముందువరసలో నడుస్తున్నది ఒకప్పుడు ఆమెను పక్కన నడవమన్నవాళ్ళే. ఇన్నేళ్ళు ఆమెను నిలబెట్టింది నమ్మకమా, మొండితనమా, నాకు తెలియదు. ఆమెకు ఘటం మొయ్యడానికి హక్కు ఉండిందా లేదా? భర్త 1957 దాకా బ్రతికే ఉన్నాడు గనుక పద్ధతి ప్రకారం ఆమెదే న్యాయం. ఆ న్యాయం తెలిసిన రోజే దానితో పని తీరిపోయింది.

ఇప్పటి సంగతి

ఇప్పుడు సంబరం కరపత్రం మీద దాతల పేర్ల పక్కన దుబాయ్, మస్కట్, సింగపూర్ అని ఉంటుంది. సెలవు దొరికినవాళ్ళు విమానం టిక్కెట్టు పెట్టుకుని వస్తారు. దొరకనివాళ్ళకు అమ్మవారి ఊరేగింపును చెల్లెళ్ళు ఫోనులో చూపిస్తారు. కార్తీక సోమవారాల్లో టెక్కలి పక్కన రావివలసకు జనం పోతారు. అక్కడి ఎండల మల్లికార్జున స్వామికి పైన కప్పు లేదు. గుడి కట్టబోతే స్వామి ఎండలోనే ఉంటానన్నాడని స్థలపురాణం. ఎండకు ఎండి వానకు తడిసే ఆ లింగానికి, పరదేశంలో ఎండలో పనిచేసే కొడుకు పేరు చెప్పి నీళ్ళు పోసే తల్లులున్నారు.

వెళ్ళే కారణాలు కొన్ని పాతవే, కొన్ని కొత్తవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది; అప్పులవాడు అన్నేళ్ళు ఆగడు. దీనికి తోడు కిడ్నీ జబ్బు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మంచిదే. కాని తండ్రి వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తుంటే ఆయన కూలి పోయినట్టే, తోడు వెళ్ళేవారి కూలి కూడా పోయినట్టే. ఆ ఇంటి కొడుకు వెల్డింగు నేర్చుకుని పాస్‌పోర్టుకు పెట్టుకోక ఏం చేస్తాడు?

మత్స్యకారులు ఇంకో దారి పట్టారు. గుజరాత్‌లోని వెరావల్ రేవులో పడవల మీద పనికి పోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో ఇరవై మందిని అప్పగించారు. ఆ పదమూడు నెలలూ తీరంలోని ఇళ్ళలో ఏ ప్రశ్న తిరిగి ఉంటుందో మా మామ్మను ఎరిగినవాడిగా నేను ఊహించగలను.

అరబ్బు దేశాలన్నీ ఒక్క తీరుగా లేవు. బహరైన్‌లో, మస్కట్‌లో పాత హిందూ దేవాలయాలున్నాయి. దుబాయ్ జెబెల్ అలీలో 2012లో గురుద్వారా, 2022లో దాని పక్కనే హిందూ దేవాలయం తెరిచారు. చర్చీలూ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో అబుదాబీలో పెద్ద రాతి మందిరం వచ్చింది. జెబెల్ అలీ గురుద్వారాలో మతం అడగకుండా అందరికీ భోజనం పెడతారు. జీతం ఆగిపోయిన కుర్రవాడికి ఆ పంక్తి ఎంత పెద్ద దేవాలయమో వేరే చెప్పాలా? సౌదీలో మాత్రం గుడీ లేదు, చర్చీ లేదు. ఎవరి ప్రార్థన వారి గదిలో, వారి నోటిలోనే. మళ్ళీ ఒకే గదిలో ఆరుగురూ ఎనిమిదిమందీ మగవాళ్ళు. రంగం నాటి గదే. తేడా ఏమిటంటే ఇప్పుడు దీపం కూడా బాహాటంగా పెట్టరాదు, దాని చోట ఫోను వచ్చింది.

బిడ్డలను పంపే తల్లిదండ్రులకు ఒక్క మాట. మేస్త్రీ పోయాడు గాని బయానా పోలేదు; ఇప్పుడు బయానా మనమే ఏజెంటుకు ఇస్తున్నాము, అదీ వడ్డీకి తెచ్చి. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూపించుకోండి. విజిట్ వీసా మీద ఉద్యోగం అంటే పంపవద్దు. ఒప్పంద పత్రం నకలు ఇంట్లో ఉంచుకోండి. మామ్మ దగ్గర భర్త పనిచేసే చోటు పేరు రాసిన కాగితం ముక్క కూడా లేదు.

ఆనాటి స్టేషన్ సంగతి చెబుతానన్నాను గదా. బండి వచ్చే ముందు ఆ తల్లి నా వైపు తిరిగి అడిగింది. మా అమ్మాయి పుస్తకం సర్దడం ఆమె చూసింది.

"బావు, మీరు సదువుకున్నోలు. ఈల్లు ఎల్తన్న కాడ మా గుడుందా? మీ గుడుందా?"

"రెండూ లేవమ్మా" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. కొడుకు తువ్వాలు అంచున ముడి మరోసారి లాగి బిగించింది.

"పోనీలెండి. మా రావివలస మల్లన్నకి మాత్రం కప్పుందేటి? ఎండలోనే ఉంటాడు గదా" అంది.

బండి వచ్చింది. పిల్లలిద్దరూ ఒకే పెట్టెలో ఎక్కారు. మావాడు పై బెర్తు తీసుకుని, ఆమె కొడుకు సంచి కూడా తన తలాపునే పెట్టుకున్నాడు.